మూడో వాయి రంగు

కాశిబుగ్గ, వరంగల్
12-9-1984, బుధవారం

పెద్దలు, పూజ్యులు ఖాజా కాక గారి సన్నిధికి కాశిబుగ్గ నుండి సారయ్య కొడుకు వెంకట్రాజం రెండు చేతులూ జోడించి వ్రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమందరం బాగున్నాం. మరిపెడలో మీరు, చెల్లె సుల్తానా, బావ గౌస్ పాషా ఆరోగ్యంగా ఉన్నారని, మొన్నటి బక్రీదు మీ ఇంట్లో సంతోషంగా గడిచిందని అనుకుంటున్నాను.

ఇంతవరకు "మీరు" అని రాశాను గానీ ఇక నావల్ల కాదు కాకా. నువ్వు ఈపాటికి సుల్తానా వైపు చూసి, ఎవడే వీడు, కోర్టు కాగితం పంపిండా అని అడుగుతూ ఉంటావు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నిన్ను నువ్వు అనే పిలిచాను. మూడేళ్ళు ఒక్క కార్డు ముక్క రాయనివాడికి ఇప్పుడు మర్యాదలు గుర్తుకొచ్చాయంటే, లోపల ఏదో తప్పు ఉందనే అర్థం. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే రకం నేను.

చెల్లె సుల్తానా, ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించేది నువ్వేనని తెలుసు. కష్టంగా ఉన్న వాక్యాలు వచ్చినప్పుడు వాటిని దాటేసి ముందుకు పోకు. అన్నకు పరువు మిగల్చాలని చూడకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

ముందు ఊరి సంగతులు. అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, గోడ పట్టుకుని నడుస్తోంది. అయినా నోరు మాత్రం కుంటుపడలేదు. ఖాజా ఉన్నప్పుడు ఇంట్లో పాత చీరలకు కూడా కొత్త రంగు పడేదని, ఇప్పుడు ఎవడున్నాడని నన్నే తిడుతుంది. నీ కోడలు చిలుకమ్మ బాగుంది. ఈసారి వానలు బాగా పడి మన చేనేత సొసైటీ రంగుల షెడ్డు మీద రేకులు రెండు ఎగిరిపోయాయి. నీ గంగాళాల్లో పెద్దది ఇంకా ఉంది, చిన్నదానికి అడుగు కారితే మాట్లు వేయించారు. ఇప్పుడు అక్కడ యాకయ్య అనే పిల్లగాడు రంగులు వేస్తున్నాడు. పనిమంతుడే గానీ, రంగు కలిసిందా లేదా అని నూలు వైపు చూడడు, నా పెట్టె వైపు చూస్తాడు.

ఆ పెట్టె గురించే రాయాలి. ఎన్ని వంకలు పెట్టుకుని ఆలస్యం చేసినా చివరకు దాని దగ్గరికే రావాలి.

అది ఎట్లా పుట్టిందో నీకు తెలుసు. సుల్తానా కోసం చెప్తాను, అప్పుడు తను అత్తగారింట్లో ఉంది. డెబ్భై తొమ్మిదిలో హనుమకొండలో ఒక ఫోటో స్టూడియో ఆయన పగిలిన లైట్ మీటరు ఒకటి కాలేజీ ల్యాబుకు తెచ్చి బాగు చేయమన్నాడు. ఫోటో తీసేముందు వెలుగు ఎంత ఉందో చెప్పే చిన్న యంత్రం అది. నేను కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు అసిస్టెంటును కదా, అట్లాంటివన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. మీటరు బాగు కాలేదు గానీ, దాని లోపల ఉన్న చిన్న బిళ్ళ మాత్రం బతికే ఉంది. చీకట్లో పెడితే కరెంటును పోనివ్వదు. వెలుగు పడితే పోనిస్తుంది. ఎంత వెలుగు పడితే అంత పోనిస్తుంది. వేలి గోరంత వస్తువు, దానికి వెలుగు కనిపిస్తుంది. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు నీ దగ్గరికి వచ్చాను. అట్లాంటివి రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టి, ఒకదాని ముందు నమూనా నూలు, ఇంకోదాని ముందు కొత్తగా అద్దిన నూలు పెట్టి, రెండింటి మీదా ఒకే బల్బు వెలుగు వేస్తే ఎట్లా ఉంటుందని అడిగాను. రెండూ ఒకే తీరు వెలుగును తిరగగొడితే సూది నడుమ నిలబడుతుంది. తేడా ఉంటే పక్కకు జరుగుతుంది. బల్బు ముందు ఎర్ర కాగితం, ఆకుపచ్చ కాగితం, నీలం కాగితం ఒకదాని తర్వాత ఒకటి పెట్టి మూడుసార్లు చూడాలి. మూడుసార్లూ సూది కదలకపోతే రంగు కలిసినట్టు. నువ్వు బీడీ ఆర్పి అంతా విన్నావు. వేరే మేస్త్రి అయితే నా పొట్ట కొట్టేందుకు వచ్చావా అని తరిమేవాడు. నువ్వు షెడ్డులో ఉప్పు బస్తాలు పెట్టే మూల ఖాళీ చేసి ఇచ్చావు.

ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను నీ దగ్గర నేర్చుకున్నది రాస్తే పుస్తకమవుతుంది. తడి నూలు ముదురుగా కనిపిస్తుందని, పొయ్యి మంట చూసిన కంటితో వెంటనే రంగు చూడొద్దని, పొద్దున పూట గడప దగ్గర నిలబడి నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూడాలని, చూసేముందు ఒక్క క్షణం ఆకాశం వైపు చూసి కన్ను కడుక్కోవాలని చెప్పావు. నేను అవన్నీ రాసుకుని పెట్టెలో ఎట్లా పెట్టాలా అని ఆలోచించేవాణ్ణి. నాటకాల లైట్లకు కట్టే రంగు కాగితం హైదరాబాదులో కొని తెచ్చాను. సూది మా ల్యాబులో పాతదే. కొమురెల్లి కాలిపోయిన తన లారీ బల్బులు ఇచ్చి ఎగతాళి చేశాడు. సొసైటీ నూలు తోలే డ్రైవరుకు కూడా మన పెట్టె అంటే అంత వేడుక.

ఎనభైలో రాయమల్లు ప్రెసిడెంటు కాగానే అందరి ముందు పెట్టి చూపించాం. నువ్వు పది జతల నూలు చిలపలు చూసి ఇది కలిసింది, ఇది కలవలేదు అని చెప్పావు. పెట్టె కూడా పదికి పది అదే చెప్పింది. జనం చప్పట్లు కొట్టింది పెట్టెకు. ఆ పది జతలూ అద్ది, పెట్టెకు పరీక్ష పెట్టిందీ నువ్వే, దాన్ని గెలిపించిందీ నువ్వే. నీకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కూడా కొట్టలేదు.

ఆ మర్నాడు నేను చేసిన పని ఒకటుంది. ఎవడైనా విప్పి చూసి నా తెలివి ఎత్తుకుపోతాడని పెట్టె మూత చుట్టూ లక్క పోసి సీలు వేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నేను కాలు కూడా కడగలేదు.

ఎనభై ఒకటిలో ఢిల్లీ ఆర్డరు వచ్చింది. సర్కారు గెస్టు హౌసులకు నాలుగు వందల జంపఖానాలు, అంచు ఎండుమిరప రంగు, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. మన సొసైటీ పుట్టాక అంత పెద్ద పని రాలేదు. అంచు నూలు ఒకే గంగాళంలో పట్టదు కాబట్టి ఐదు వాయిలుగా అద్దావు. మొదటి రెండు వాయిలు నీకూ నచ్చాయి, సూదికీ నచ్చాయి. మూడో వాయి ఆరేసిన రోజు పొద్దున నన్ను కాలేజీకి పోకుండా దారిలో ఆపావు.

షెడ్డులో మనమిద్దరమే ఉన్నాం. బయట చింతచెట్టు కింద మొగిలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కండెలు చుడుతున్నారు. నువ్వు మూడో వాయి చిలప తెచ్చి నమూనా పక్కన పట్టుకుని, ఇది జర మట్టిరంగు కొడుతోందని, ఇంకో మునక వేయాలని అన్నావు. నేను పెట్టెలో పెట్టాను. ఎర్ర కాగితం, ఆకుపచ్చ, నీలం, మూడుసార్లూ సూది నడుమ మేకు కొట్టినట్టు నిలబడింది. నేను నవ్వి, సూదికి ముసలితనం రాదు కాకా అన్నాను. ఎంత చురుకైన మాట అన్నాననుకున్నానో.

నీకు కోపం రాలేదు. చిలప నా చేతిలో పెట్టి నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆ డబ్బ సంగతి ఇడిచిపెట్టు కొడుకా. నువ్వు ఎండలకు పోయి చూడు. నీ కండ్లతోని చూసి రెండు ఒక్కటే అంటే నేను ఒప్పుకుంట."

నేను బయటికి వెళ్ళాను. రెండు చిలపలూ ఎండలో పట్టుకున్నాను. నువ్వు నేర్పినట్టే ఆకాశం వైపు కూడా చూశాను. లోపలికి వచ్చి, ఒక్కటే తీరుగున్నయి కాకా అన్నాను.

నువ్వు నా ముఖం వైపు కాసేపు చూశావు. తర్వాత సరే అని తలూపి నాలుగో వాయికి పొయ్యి రాజేశావు. ఆ తర్వాత నాలుగో వాయినీ, ఐదో వాయినీ పెట్టె చూసి సరే అన్నాకే ఎత్తావు. నేను ఎందుకు అట్లా అన్నానో నువ్వు ఎప్పుడో గ్రహించి ఉంటావు. పెట్టె పరువు పోతుందని అన్నాను. సూది ఒకటి చెప్పాక నేను ఇంకోటి చెబితే, ఏడాది కష్టం నీళ్ళపాలు అవుతుందని అబద్ధమాడాను. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాలుగు నెలలకు జంపఖానాలు తిరిగి వచ్చాయి. అంచు మూడు రంగులుగా ఉందని ఢిల్లీ వాళ్ళు రాశారు. సొసైటీ ఆవరణలో ఒకటి పరిస్తే చుట్టూ నిలబడ్డ జనం ముక్కు మీద వేలేసుకున్నారు. ఎర్రటి అంచు మధ్యలో బెల్లపు రంగు పట్టీ ఉందని మొగిలమ్మ పైకే అన్నది. నలభై మగ్గాల మీద మూడు నెలల పని అది. ఆ రోజు నేసినవాళ్ళ ముఖాలు నేను చూడలేకపోయాను.

ఆ సాయంత్రం మీటింగు నీకు గుర్తు చేయక్కర్లేదు. రంగు వేసింది ఎవరు, ఖాజా పాషా. పెట్టె ఉంది గదా, అది ఎట్లా ఊరుకుంది అని ఎవరో అడిగారు. రాయమల్లు నా వైపు తిరిగి, నువ్వు సైన్సు తెలిసినవాడివి, నువ్వే చెప్పు అన్నాడు. నాకు నోరు తెరవడానికి అంత మంచి సమయం మళ్ళీ రాదు. మేస్త్రి ముందే చెప్పాడు, నేనే వినలేదు అంటే అయిపోయేది. నేను ఏమన్నాను? పెట్టెలో పెట్టి చూపించిన చిలపలు వేరు, మగ్గాల మీదికి పోయిన చిలపలు వేరు అయ్యుంటాయన్నాను. మేస్త్రికి వయసు మీద పడింది, చూపు మునుపటిలా లేదు, పొరపాటున మారి ఉంటాయన్నాను. నీ ముందే అన్నాను. నువ్వు నాకు మూడు గజాల దూరంలో కూర్చున్నావు.

మూడో వాయి సంగతి నువ్వు చెబితే మొగిలమ్మ సాక్ష్యం చెప్పేది, నేను ఎండలో నిలబడి చిలపలు చూడడం ఆమె చూసింది. నువ్వు చెప్పలేదు. దృష్టి లోపం వల్ల రంగుల పని నుంచి తొలగించడమైనది అని రాయమల్లు మినిట్స్ పుస్తకంలో రాయించి చదివితే, కింద వేలిముద్ర వేసి లేచావు. గేటు దగ్గర నేను నీకు ఎదురుపడకుండా పక్కకు తప్పుకుంటుంటే నువ్వే ఆగావు.

"నీ డబ్బ మంచిదే బిడ్డా. జర లోపట చూసుకో. రంగన్నది యాడున్నా వేడికి నిలువది."

పదిహేను రోజులకు నువ్వు మరిపెడ వెళ్ళిపోయావని తెలిసింది. ఆ రోజే లక్క కరిగించి పెట్టె విప్పాను. బల్బు వేడికి ఎర్ర కాగితం వెలిసిపోయి ఉంది. అది ఎప్పుడు వెలవడం మొదలుపెట్టిందో గానీ మూడో వాయి నాటికే ఎర్ర కాగితం పని చేయడం మానేసింది. అది చూశాక నాకు అంతా అర్థమైంది. చీరలకు రంగులేసే మనిషికి కాగితం వెలిసిపోతుందని విప్పకుండానే తెలిసింది. సైన్సు తెలిసినవాడికి తెలియలేదు. అప్పుడైనా పోయి చెప్పాలి కదా. కొత్త కాగితం తెచ్చి అతికించి, బల్బుకూ కాగితానికీ మధ్య జాగా పెంచి, గాలి ఆడేందుకు వెనక తూట్లు పెట్టి, మళ్ళీ మూత వేశాను. ఆ తర్వాత పెట్టె తప్పు చెప్పలేదు. అదే నా పాలిట శాపమైంది.

ఎందుకంటే ఆ తర్వాత దానికి పేరు వచ్చింది. ఎవరు చూడటానికి వచ్చినా రాయమల్లు ఒకటే కథ చెబుతాడు. మాకు ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు, కండ్లు కనపడక నాలుగు వందల జంపఖానాలు పాడు చేశాడు, ఈ పెట్టె వచ్చాక మాకు ఫికర్ లేదు అంటాడు. నువ్వు ఉండగానే పెట్టె ఉందన్న సంగతి కూడా కథలో మాయమైంది. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడతాను. మూడేళ్ళలో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మొదట్లో తల దించుకునేవాణ్ణి. తర్వాత తర్వాత, నిజం చెబుతున్నాను, తల ఊపడం మొదలుపెట్టాను.

పోయిన నెల కొమురెల్లి లారీ మరిపెడలో టైరు పంక్చరై గౌస్ పాషా బావ సైకిలు షాపు ముందు ఆగిందట. నువ్వు బయట పెట్టె మీద కూర్చుని ట్యూబులకు గరుకు కాగితం రుద్దుతున్నావని చెప్పాడు. ఎండాకాలంలో నువ్వు ఒక ఊరి రంగుల కార్ఖానాకు పని అడగడానికి పోతే, వరంగల్‌లో పెట్టెకు పట్టుబడ్డ మేస్త్రివి నువ్వే కదా, చూపు లేనివాడికి గంగాళం ఎట్లా ఇస్తామని గడపలోంచే పంపించారని బావ చెప్పాడట. కొమురెల్లి ఆ మాట చెప్పి, తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఎగతాళి చేయకుండా అతను వెళ్ళిపోవడం అదే మొదటిసారి. నీ పని ఒక్క కాశిబుగ్గలోనే పోయిందనుకున్నాను. నా అబద్ధం నీకంటే ముందు బస్సెక్కి నువ్వు పోయే ప్రతి ఊరికీ చేరిందని నాకు తెలియదు.

ఇప్పుడు ఇంకొకటి వచ్చి పడింది. ఈ నెల ఇరవై నాలుగు, సోమవారం, హైదరాబాదు నుంచి చేనేత ఆఫీసర్లు వస్తున్నారు. పెట్టె నచ్చితే ఏడు సొసైటీలకు ఏడు చేయించి ఇస్తారట. ఏడు చోట్లా నీలాంటి మేస్త్రి ఒకడు ఉంటాడు. రాయమల్లు వాళ్ళకు కూడా నీ కథే చెబుతాడు. ఆ పెట్టె పక్కన ఎట్లాంటి మేస్త్రి ఉండాలో చెప్పేవాడు లేకపోతే, ఏడుగురు ముసలివాళ్ళు ఏడు సైకిలు షాపుల ముందు కూర్చుంటారు.

అందుకని జరిగిందంతా రెండు పేజీల్లో రాసి పోయిన ఆదివారం రాయమల్లుకు ఇచ్చాను. మూడో వాయి బాగాలేదని నువ్వు ముందే చెప్పావని, రెండూ ఒక్కటేనని నేనన్నానని, కాగితం వెలిసిందని, చిలపలు మారిపోవడమన్నది నా కల్పన అని, మినిట్స్ పుస్తకంలో నీ మీద రాసిన వాక్యం కొట్టేయాలని రాశాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతవ్? ముసలాయన ఊకున్నడు, నువ్వు ఊకో. రేపు నీకు సన్మానమైతది."

నేను ఊరుకోను. నా దగ్గర ఇంకో నకలు ఉంది. సోమవారం ఆఫీసర్ల ముందు పెట్టె మూత విప్పి, ఆ కాగితం నేనే చదువుతాను. నువ్వు రావాలి కాకా. నీకు క్షమాపణ చెప్పించుకోవాలనే ఆశ లేకపోయినా, నీ పేరు మీద ఉన్న ఆ వాక్యం కొట్టేసేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాలి. కొమురెల్లి ఆదివారం మధ్యాహ్నం మరిపెడ మీదుగా వస్తాడు, నిన్ను లారీలో ముందు సీటులో కూర్చోబెట్టుకుని తెస్తానన్నాడు. మా ఇంట్లో దిగడం ఇష్టం లేకపోతే మొగిలమ్మ ఇంట్లో దిగు, ఆమెకు చెప్పి ఉంచాను. రావడం ఇష్టం లేకపోయినా నేను చదివేది చదువుతాను. రాలేదని నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు.

చిలుకమ్మ నీకు నమస్కారాలు చెప్పమన్నది. అమ్మ మాత్రం నమస్కారం కాదు, రమ్మని చెప్పమన్నది.

నీ ముందు తలెత్తి నిలబడే ముఖం లేనివాడు,
వెంకట్రాజం

తా.క. 13-9-1984, గురువారం పొద్దున.

కవరు రాత్రే అంటించాను. పొద్దున లేచి మళ్ళీ చింపాను. కాకా, పైన రాసిన ఉత్తరంలో రెండు అబద్ధాలు ఉన్నాయి. తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో కూడా నేను అబద్ధమే రాశాను.

మొదటిది, వెలిసిపోయిన కాగితం నేను చూశానని రాశాను. నేను చూడలేదు. పెట్టె విప్పి ఆ కాగితం చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను, నాకు ఎప్పటిలాగే కనిపించింది. చాయ్ తెచ్చిన చిలుకమ్మ, ఈ ఎండుగడ్డి రంగు కాగితం ఎందుకని అడిగింది. అప్పుడు తెలిసింది.

రెండోది, ఆ రోజు ఎండలో నిలబడి పెట్టె పరువు కోసం అబద్ధమాడానని రాశాను. అబద్ధమాడలేదు. నాకు ఆ రెండు చిలపలూ నిజంగానే ఒక్కటే తీరుగా కనిపించాయి. నాకు ఎరుపు తెలియదు కాకా. ఎరుపు, మట్టిరంగు, ఆకుపచ్చ నాకు దగ్గర దగ్గరగా ఒకటే. పుట్టుకతోనే అంతే. పన్నెండేళ్ళప్పుడు ఎర్రంచు చీరలో ఎర్ర పోగు బదులు ఆకుపచ్చ పేక కొట్టాను. ధ్యాస లేదని నాన్న పలుపుతో కొట్టాడు. ధ్యాస లేనివాణ్ణి అనిపించుకోవడమే నయమనుకుని దెబ్బలు తిన్నాను. పద్మశాలి ఇంట్లో పుట్టి రంగు తెలియనివాణ్ణని ఎట్లా చెప్పను? నువ్వు నాన్న చేయి పట్టుకుని ఆపావు. నీకు కూడా చెప్పలేదు. మగ్గం వదిలి చదువులో పడింది తెలివి ఉండి కాదు, భయపడి. ల్యాబులో రెసిస్టెన్సుల మీద విలువ చెప్పే రంగు గీతలు చదవలేక ప్రతిదాన్నీ మీటరుతో కొలుస్తాను. వెంకట్రాజం చాలా జాగ్రత్తపరుడని మా సార్లు మెచ్చుకుంటారు.

అందుకే ఆ పెట్టె చేశాను. సొసైటీ కోసం అని నీతో చెప్పాను. అది నాకోసం చేసుకున్న కన్ను.

ఆ రోజు నా కండ్లతో చూసి చెప్పమన్నావు చూడు, అప్పుడు నేను చెప్పాల్సింది ఒకటే మాట. నాకు కనపడదు కాకా, మొగిలమ్మను పిలుద్దాం. ఆమె పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఒక్క చూపులో చెప్పేది. ఆమెను పిలిస్తే నా సంగతి బయటపడుతుందని పిలవలేదు. ఆ సాయంత్రం మీటింగులో చూపు లేదన్న మాట నా నోటికి అంత తేలికగా ఎట్లా వచ్చిందో ఇప్పుడు నీకు తెలిసి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా నా మీద ఎవరైనా అంటారేమోనని భయపడ్డ మాట అది. తీసి నీ మీద పెట్టాను. నువ్వు ఇన్నాళ్ళూ నన్ను అబద్ధాలకోరు అనుకుని ఉంటావు. అట్లా అనుకుంటే అనుకో, ఇది మాత్రం తెలియకూడదని మూడేళ్ళు ఉత్తరం రాయలేదు. సోమవారం చదివే కాగితంలో ఇది కూడా కలిపి రాశాను. చిలుకమ్మకు ఇంకా చెప్పలేదు, ఇవ్వాళ చెబుతాను.

ఈ కవరులో రెండు నూలు పోగులు పెట్టాను. ఒకటి రెండో వాయిది, ఇంకోటి మూడో వాయిది, తిరిగి వచ్చిన జంపఖానా అంచు నుంచి తీసినవి. సోమవారం ఆఫీసర్లకు చూపిద్దామని విడివిడిగా కాగితాల్లో చుట్టి పెట్టుకున్నాను. పొద్దున అవి బల్ల మీద నుంచి పడి రెండూ కలిసిపోయాయి. ఏది మూడో వాయిదో నువ్వు చూసి, దానికి ఒక ముడి వేసి పంపించు.